పిల్ల బాగానే ఉందని పరీక్ష మానొద్దు

(సమాఖ్య వార్షిక మహాసభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చదివిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ సభలో మేము రక్తహీనత గురించి, గర్భిణుల తూకం గురించి, షుగరు, బీపీ శిబిరాల గురించి లెక్కలు చదువుతుంటాం. ఆ లెక్కలు ఈసారి కూడా ఈ పుస్తకంలో వేరే పేజీల్లో ఉన్నాయి, చూసుకోండి. ఈ పూట మాత్రం మేము ఒకే ఒక్క పిల్ల గురించి, ఆ పిల్ల విషయంలో మనం చేసిన ఒక తప్పు గురించి చెప్పదలచుకున్నాం. ఆ పిల్ల అమ్మమ్మ మన సభ్యురాలు. ఆవిడ అనుమతి తీసుకునే చెబుతున్నాం. పేర్లు చెప్పం. "పేరు వద్దు గానీ సెప్పండమ్మా, ఇంకో గుంటకి ఇలాగ అవ్వకూడదు" అని ఆవిడే అన్నారు.

ఆవిడ మన గుడి వీధుల్లో పువ్వులు, కొబ్బరికాయలు అమ్ముకుంటారు. ఆదివారాలు, రథసప్తమి నాడు తప్ప పెద్ద బేరం ఉండదు. కూతురికి ఆడపిల్ల పుట్టింది. పుట్టిన నాలుగో రోజున పసుపుగా కనిపించింది. పసిపిల్లలకు ఆ పసుపు రావడం మామూలే కదా అని అందరం అన్నాం. మనది సూర్యనారాయణస్వామి వెలసిన ఊరు. ఎండలో పెడితే పోద్దన్నారు పెద్దలు. రోజూ పొద్దున్న వీధి అరుగు మీద లేత ఎండలో పడుకోబెట్టారు. నెల దాటింది, రెండు నెలలు దాటాయి. కళ్లలో పసుపు పోలేదు. దొడ్డికి తెల్లగా, సున్నం కలిపినట్టు పోయేది. పాలు తాగుతోంది కాబట్టి ఆ రంగేమో అనుకున్నారు. మూడో నెల దాటాక ఆశా కార్యకర్త గట్టిగా చెబితే శ్రీకాకుళంలో పెద్దాసుపత్రికి, అక్కడ నుంచి విశాఖపట్నం తీసుకెళ్లారు. అక్కడ తేలింది, పిల్ల కాలేయం నుంచి పైత్యరసం బయటకు పోయే గొట్టాలు మూసుకుపోయాయని. దీన్ని డాక్టర్లు బిలియరీ అట్రీజియా అంటారు.

ఇక్కడ ఒక మాట ఆగి చెప్పుకోవాలి. ఈ జబ్బుకి కసాయ్ అని ఒక ఆపరేషన్ ఉంది. జపాన్ డాక్టరు మోరియో కసాయ్ పేరు మీద వచ్చింది. పిల్లకు రెండు నెలలు నిండక ముందే చేస్తే బాగా పని చేసే అవకాశం ఉంటుంది. ఆలస్యమయ్యే కొద్దీ ఆ అవకాశం తగ్గిపోతుంది. అందుచేత ఇళ్లల్లో పసిపిల్లలుంటే ఇది గుర్తుంచుకోండి. పుట్టిన రెండు వారాల తర్వాత కూడా కళ్లు పచ్చగా ఉంటే, దొడ్డికి తెల్లగా గానీ పాలిపోయిన మట్టిరంగులో గానీ పోతుంటే, మూత్రం గుడ్డకి పచ్చ మరక అంటుకుంటుంటే, ఎండలో పెట్టి ఎదురుచూడొద్దు. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లి "ఏ రకం కామెర్లో రక్తపరీక్ష చేసి చెప్పండి" అని అడగండి. స్వామి మీద భక్తి భక్తే, పరీక్ష పరీక్షే.

మన పిల్లకి ఆ సమయం దాటిపోయింది. ఆపరేషన్ చేసినా ఫలితం రాలేదు. పొట్ట ఉబ్బింది, బరువు పెరగలేదు. పదకొండో నెలలో దూరంగా ఒక పెద్ద నగరంలో కాలేయ మార్పిడి చేశారు. కన్నతల్లే తన కాలేయంలో ఎడమవైపు ముక్క ఇచ్చింది. కాలేయం మళ్లీ పెరిగే అవయవం. తల్లికి మిగిలింది కొన్ని నెలల్లో పెరుగుతుంది, పిల్లలో పెట్టిన ముక్క పిల్లతో పాటు పెరుగుతుంది. ప్రభుత్వ పథకం కొంత, దాతలు కొంత, బంగారం అమ్మింది కొంత, మన సంఘం అప్పు కొంత, ఇలా ఆ ఖర్చు గట్టెక్కింది.

మన జిల్లా వాళ్లకి అవయవ మార్పిడి అన్న మాట కొత్తది కాదు. ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, పలాస వైపు మన చుట్టాలు లేని వాళ్లెవరు? ఏళ్ల తరబడి అక్కడ కిడ్నీలు పాడైపోతూనే ఉన్నాయి. డయాలసిస్ మంచాల మీద మన అన్నదమ్ముల్ని చూశాం. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. అక్కడ బాధపడేది ఎక్కువగా పెద్దవాళ్లు, పొలాల్లో కష్టం చేసేవాళ్లు. పిల్లలకి మార్పిడి అవసరమయ్యే కారణాలు వేరు. కాలేయానికైతే ఇందాక చెప్పిన జబ్బే ముఖ్యమైనది. కిడ్నీకైతే పుట్టుకతోనే మూత్రనాళాల్లో ఉండే లోపాలు ముఖ్యమైనవి.

ప్రపంచంలో మొదటి కిడ్నీ మార్పిడి విజయం 1954లో అమెరికాలో బోస్టన్‌లో జరిగింది. అన్నదమ్ములిద్దరూ ఒకే పోలిక కవలలు కాబట్టి ఒంటికి పడింది. కాలేయ మార్పిడిలో 1967లో మొదటిసారి నిలబడింది ఒక ఏడాదిన్నర ఆడపిల్ల. చేసిన డాక్టరు థామస్ స్టార్జల్. మన దేశంలో 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో మొదటి గుండె మార్పిడి చేసిన డాక్టర్ వేణుగోపాల్ గారు మన రాజమండ్రి మనిషి. ఆ తేదీనే ఇప్పుడు దేశమంతా అవయవదాన దినంగా జరుపుతున్నారు. 1998లో ఢిల్లీలో ఒక పసిబాబుకి తండ్రి ఇచ్చిన కాలేయ ముక్కతో మార్పిడి చేశారు. అదే జబ్బు, బిలియరీ అట్రీజియా. ఆ బాబు పెరిగి పెద్దవాడై డాక్టరయ్యాడు. ఇది విన్నప్పుడు మన అప్ప కళ్లు తుడుచుకుని, "అయితే మన గుంట కూడా సదువుకుంటాదన్నమాట" అన్నారు.

ఆపరేషన్ అయింది, పిల్ల తిరిగొచ్చింది. బుగ్గలు వచ్చాయి, కళ్లు తెల్లబడ్డాయి. వీధిలో అందరం హారతిచ్చి లోపలికి తీసుకొచ్చాం. కష్టం అయిపోయిందనుకున్నాం. మన తప్పు సరిగ్గా అక్కడే మొదలైంది.

మార్పిడి చేసిన పిల్లకి రోజూ పొద్దున్నా రాత్రీ, పన్నెండు గంటల తేడాతో ఒక మందు వెయ్యాలి. ఎక్కువగా టాక్రోలిమస్ అనే మందు వాడతారు. అది జీవితాంతం వేసుకోవాల్సినదే. అదెందుకంటే, మన ఒంట్లో కాపలాదార్లు ఉంటారు. బయట నుంచి ఏదొచ్చినా పట్టుకుని చంపేస్తారు. కొత్తగా పెట్టిన కాలేయం అమ్మదే అయినా సరే, ఆ కాపలాదార్లకి పరాయిదే. దాని మీద పడతారు. వాళ్లని మందగించడానికే ఆ మందు. కాకపోతే కాపలా మందగిస్తే ఇంటి యజమాని కాలేయం ఒక్కటే కాదు, దొంగలు కూడా లోపలికొస్తారు. ఆ దొంగలే వైరస్‌లు.

ఇందులో ముఖ్యమైనవి మూడు. పేర్లు నోరు తిరగకపోయినా ఒకసారి వినండి, రిపోర్టులో ఇవే ఉంటాయి.

మొదటిది ఎప్‌స్టీన్ బార్ వైరస్. ఈబీవీ అని రాస్తారు. 1964లో ఇంగ్లండు శాస్త్రవేత్తలు ఆఫ్రికా పిల్లల దవడ గడ్డల్లో దీన్ని కనిపెట్టారు. ఇది ఉమ్మి ద్వారా అంటుకుంటుంది. మనలో దాదాపు అందరికీ చిన్నప్పుడే వచ్చి వెళ్లుంటుంది. వెళ్లుంటుంది అన్నాం గానీ, వెళ్లదు. తెల్లకణాల్లో దాక్కుని జీవితాంతం ఉంటుంది. కాపలా గట్టిగా ఉంటే నోరు మూసుకుని పడి ఉంటుంది. మార్పిడి అయిన పిల్లలో కాపలా మందగిస్తే ఆ తెల్లకణాలు అదుపు లేకుండా పెరిగి గడ్డలు కడతాయి. దాన్ని పీటీఎల్‌డీ అంటారు. మొదట్లో మామూలు వాపు. వదిలేస్తే కేన్సరుగా మారొచ్చు.

రెండోది సైటోమెగాలో వైరస్. సీఎంవీ అంటారు. ఇదీ మన పెద్దవాళ్లలో చాలామందికి ఉండేదే. మార్పిడి పిల్లలో జ్వరం, విరేచనాలు, రక్తకణాలు పడిపోవడం, ఊపిరితిత్తుల్లోకి దిగడం, కొత్త అవయవాన్ని పాడుచెయ్యడం లాంటివి చేస్తుంది. దీనికి ముందు జాగ్రత్తగా కొన్ని నెలలు మందు ఇస్తారు. ఆ మందు ఆపాక వచ్చే నెలల్లో ఇది లేచి కూర్చోవచ్చు. మందు అయిపోయింది కదా పరీక్ష కూడా అయిపోయింది అనుకోకూడదు.

మూడోది బీకే వైరస్. ఇది ముఖ్యంగా కిడ్నీ మార్పిడి వాళ్లకి. దీనికి నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. కూర్చున్న చోటే కూర్చుని కొత్త కిడ్నీని కొరికేస్తుంది. క్రియాటినిన్ పెరిగాక చూస్తే అప్పటికే కొంత నష్టం జరిగి ఉంటుంది. అందుకే రక్తంలో ముందుగానే వెతకాలి.

పెద్దవాళ్ల కంటే పిల్లలకి ఎందుకు ఎక్కువ భయం? పెద్దవాళ్లకి ఈ వైరస్‌లు చిన్నప్పుడే వచ్చి, వాళ్ల కాపలాదార్లు ఆ ముఖాలు గుర్తుపడతారు. ఏడాది లోపు పిల్లకి ఇంకా అవి తగిలి ఉండకపోవచ్చు. పెద్దమనిషి ఇచ్చిన అవయవంతో పాటు వైరస్ కూడా లోపలికి వస్తుంది. మందు వల్ల మగతలో ఉన్న కాపలాదారు మొదటిసారి చూస్తున్న దొంగతో పోరాడాలి. అందుకే మొదటి ఏడాది చాలా కీలకం. ఆ తర్వాత కూడా ప్రమాదం తగ్గుతుందే గానీ పూర్తిగా పోదు.

ఇక్కడే ఇంకో మాట చెప్పాలి. "తల్లి దగ్గర నుంచే కదా వైరస్ వచ్చింది" అని ఆ కూతుర్ని అత్తవారింట్లో నలుగురూ నాలుగు మాటలు అన్నారు. ఆ పిల్ల తన పొట్ట కోయించుకుని బిడ్డకి ప్రాణం పోసింది. ఆవిడ ఒంట్లో ఉన్న వైరస్ ఆ మాటలన్న వాళ్ల ఒంట్లో కూడా ఉంటుంది, మన ఒంట్లోనూ ఉంటుంది. ఎవరిచ్చినా దాదాపు ఇంతే. దాతకి ఏయే వైరస్‌లు ఉన్నాయో డాక్టర్లు ముందే పరీక్ష చేసి రాసి పెట్టుకుంటారు. పిల్లని ఎంత జాగ్రత్తగా గమనించాలో తేల్చుకోవడానికే ఆ పరీక్ష. తప్పు ఎవరి నెత్తిన వెయ్యాలో చూడడానికి కాదు. ఇలాంటి మాటలు ఎక్కడ వినపడినా మనం అడ్డుపడాలి.

ఇప్పుడు మన తప్పుకొద్దాం. పిల్ల తిరిగొచ్చాక ఆసుపత్రి వాళ్లు ఒక పట్టిక ఇచ్చారు. ఈ నెల ఈ తేదీన రక్తం, ఆ నెల ఆ తేదీన రక్తం అని. మందు మోతాదు, కాలేయం పని, ఈబీవీ, సీఎంవీ లెక్క. మొదటి నెలల్లో బాగా దగ్గర దగ్గరగా, తర్వాత నెలకోసారి, ఆ తర్వాత దూరం దూరంగా. విశాఖపట్నం వెళ్లి ఇవ్వాలి. ప్రయాణం, పరీక్ష, ఆ రోజు పోయిన బేరం అన్నీ కలిస్తే ఆవిడకి మోయలేని ఖర్చు. మీటింగులకి రాలేకపోయేవారు. రెండుసార్లు రానందుకు మనం జరిమానా రాశాం. వాయిదా ఆలస్యమైతే నిలబెట్టి అడిగాం. అడిగింది వేరే ఎవరో కాదు, మేమే.

"పిల్ల బాగానే ఉంది కదా, బొద్దుగా ఉంది కదా, నెలనెలా వైజాగ్ ఏటి?" అన్నాం. ఆవిడ ఏమీ అనలేదు. ఆ నెల పరీక్ష డబ్బు తెచ్చి వాయిదా కట్టేశారు. మర్నెల కూడా అంతే. వరసగా రెండు పరీక్షలు పోయాయి. మన పుస్తకంలో మాత్రం వసూలు నూటికి నూరు శాతం అని రాసుకుని సంతోషపడ్డాం.

మూడో నెలలో మీటింగుకి పిల్లని ఎత్తుకొచ్చారు. పిల్ల ఒళ్లో పడుకుని గుర్రు పెడుతోంది. పెద్దవాళ్లలాగ గుర్రు ఏటని మన రిసోర్స్ పర్సన్ దగ్గరకెళ్లి చూసింది. మెడ కింద చేత్తో తడిమితే రెండు బిళ్లలు. నొప్పి లేదట. వారం పది రోజులుగా సాయంత్రం పూట ఒళ్లు వెచ్చబడుతోందట. మందుల షాపులో జ్వరం మందు తెచ్చి వేస్తున్నారట. ఆ రాత్రికే బస్సెక్కించాం. ఇద్దరం తోడు వెళ్లాం.

రక్తంలో ఈబీవీ లెక్క అంతకు ముందు రిపోర్టు కంటే చాలా రెట్లు పెరిగింది. టాన్సిల్స్ వాచిపోయి ఊపిరికి అడ్డొస్తున్నాయి, గుర్రు అందుకే. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. పీటీఎల్‌డీ మొదలైంది, కానీ తొలి మెట్టు మీదే ఉంది. డాక్టర్లు టాక్రోలిమస్ మోతాదు తగ్గించారు. కాపలాదార్లకి కొంచెం మెలకువ తెప్పించడం అన్నమాట. అలా తగ్గిస్తే కాలేయం మీద దాడి మొదలవ్వొచ్చు కాబట్టి వారం వారం కాలేయ పరీక్ష, వైరస్ పరీక్ష రెండూ చేశారు. అటు పోతే గొయ్యి, ఇటు పోతే నుయ్యి, మధ్యన నడిపించారు. తొలి మెట్టు దాటిపోయి ఉంటే రిటుక్సిమాబ్ లాంటి సూదులు, కీమో మందుల దాకా వెళ్లాల్సి వచ్చేదని చెప్పారు. నాలుగు నెలలకి బిళ్లలు కరిగిపోయాయి. వైరస్ లెక్క దిగింది. ఇప్పుడు పిల్లకి మూడేళ్లు నిండాయి. అంగన్‌వాడీకి వెళ్తోంది, పాటలు పాడుతోంది. పరీక్షలు ఇంకా జరుగుతూనే ఉన్నాయి, జరుగుతూనే ఉంటాయి.

ఆ రోజు ఆ గుర్రు ఎవరూ వినకపోతే? ఈ ప్రశ్న మమ్మల్ని ఏడాదిగా నిద్ర పోనివ్వడం లేదు. ప్రతి పిల్లకీ గుర్రు రాదు, ప్రతి పిల్లకీ బిళ్లలు తగలవు. అసలు పరీక్ష ఉన్నదే బిళ్ల తగలక ముందే తెలుసుకోవడానికి. మనం బ్యాంకు అప్పు ఎలా చూసుకుంటాం? వాయిదా తప్పిన మొదటి నెలలోనే పాస్‌బుక్కు తీసి చూస్తాం. వడ్డీ పెరిగి ఇంటికి నోటీసు వచ్చేదాకా కూర్చోం. ఒంట్లో వైరస్ కూడా వడ్డీలాగే పెరుగుతుంది, చప్పుడు చెయ్యకుండా. ఆ పరీక్ష కాయితమే పిల్ల పాస్‌బుక్కు.

అందుకని మార్పిడి అయిన పిల్లలున్న ఇళ్లకి, వాళ్ల పక్కింట్లో ఉన్న మనందరికీ కూడా, మేము డాక్టర్లను అడిగి తెలుసుకున్న సంగతులు చెబుతాం.

పరీక్ష తేదీ పిల్ల ఎలా ఉందన్న దాని మీద ఆధారపడదు. బాగున్నా వెళ్లాలి. ఎన్నాళ్లకోసారి అన్నది అవయవాన్ని బట్టి, పిల్లని బట్టి డాక్టర్లు నిర్ణయిస్తారు. మనంతట మనం దూరం పెంచకూడదు.

టాక్రోలిమస్ మోతాదు చూసే రోజున పొద్దుటి మందు వెయ్యకుండా వెళ్లాలి. రక్తం తీశాక వెయ్యాలి. మందు వేసేసి వెళ్తే లెక్క తప్పు వస్తుంది. మందు సీసా చేతిలో పట్టుకెళ్లండి.

వైరస్ పరీక్షని పీసీఆర్ అంటారు. ఒక్కో ల్యాబు లెక్క ఒక్కోలా ఉంటుంది. వీలైనంత వరకూ ప్రతిసారీ ఒకే ల్యాబులో చేయించండి. ఒక్క అంకె చూసి బెంగపడొద్దు, ఒక్క అంకె చూసి ధీమా పడొద్దు. అంకె పెరుగుతోందా, తగ్గుతోందా అన్నదే ముఖ్యం. రక్తం ఇక్కడ శ్రీకాకుళంలోనే తీయించి ఆ ల్యాబుకి పంపే వీలుందేమో ఆసుపత్రిని అడగండి. వీలుంటే ప్రయాణం మిగులుతుంది.

ఒక నోటు పుస్తకం పెట్టండి. తేదీ, బరువు, మందు మోతాదు, వైరస్ లెక్క, డాక్టరు చెప్పిన మాట. చదవడం రాని తల్లికి సంఘం బుక్ కీపర్ రాసి పెడుతుంది.

రెండు రోజులు దాటిన జ్వరం, మెడలోనో చంకలోనో గజ్జల్లోనో బిళ్లలు, కొత్తగా గుర్రు, ఆగని విరేచనాలు, దొడ్డిలో రక్తం, పొట్ట ఉబ్బడం, పాలిపోవడం, బరువు తగ్గడం, కళ్లు మళ్లీ పచ్చబడడం, మూత్రం తగ్గడం, వీటిల్లో ఏది కనిపించినా మార్పిడి చేసిన ఆసుపత్రికి ఆ రోజే ఫోను చెయ్యండి. మొదటి ఏడాదిలో అయితే జ్వరానికి రెండు రోజులు కూడా ఆగొద్దు. ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుని పడుకోవద్దు.

మందు మన చేత్తో తగ్గించకూడదు, పెంచకూడదు, ఆపకూడదు. వైరస్ వస్తే మందు తగ్గిస్తారట కదా అని ఎవరైనా సొంతంగా తగ్గిస్తే అవయవమే పోతుంది. వాంతి చేసుకుంటే మళ్లీ వెయ్యాలా వద్దా అన్నది కూడా ఫోను చేసి అడగాల్సిందే. పసరు మందు, నాటు మందు వద్దు. పంపర పనస పెట్టొద్దు, అది ఒంట్లో ఈ మందు మోతాదుని పెంచేస్తుంది.

ఆటలమ్మ, తట్టు లాంటివి ఇంట్లో గానీ అంగన్‌వాడీలో గానీ ఎవరికైనా వస్తే, మన పిల్లకి రాలేదు కదా అని ఊరుకోవద్దు. పిల్ల వాళ్ల పక్కన కూర్చుందని తెలిసిన రోజే డాక్టరుకి చెప్పాలి. ముందుగా ఇచ్చే రక్షణ మందులు కొద్ది రోజుల్లోనే ఇవ్వాలి. అమ్మవారు పోసిందని వేపమండలు కట్టి దాచుకునే ఇళ్లలో ఈ మాట మరీ గట్టిగా చెప్పండి.

టీకాల సంగతి. తట్టు, ఆటలమ్మ లాంటి బతికున్న క్రిమితో చేసే టీకాలు మార్పిడికి కనీసం నాలుగు వారాల ముందే వేయించుకోవాలి. మార్పిడి అయ్యాక డాక్టరు చెప్పనిదే వెయ్యకూడదు. పోలియో చుక్కల వాళ్లు ఇంటికొస్తే "ఈ పిల్లకి మార్పిడి అయింది" అని ముందే చెప్పండి. చుక్కలు ఈ పిల్లకి వద్దు. ఇంట్లో మిగతా పిల్లలకి చుక్కల బదులు సూది వేయించాలా అన్నది కూడా అడగండి. మిగతా సూది టీకాలు మానకూడదు. ఇంట్లో పెద్దవాళ్లు కూడా వేసుకోవాలి.

చేతులు సబ్బుతో కడుక్కుని పిల్లని ఎత్తుకోవాలి. మనం నమిలి పిల్ల నోట్లో పెట్టడం, ఒకే చెంచాతో తినిపించడం, మూతి మీద ముద్దులు పెట్టడం మానుకోవాలి. అమ్మమ్మలకి ఇది కష్టమే. తల మీద ముద్దు పెట్టుకోండి.

మొక్కు సంగతి కూడా చెప్పుకోవాలి. మన అప్ప పిల్ల బతికితే రథసప్తమికి స్వామి దగ్గరకి తెస్తానని మొక్కుకున్నారు. ఆ రోజు మన ఊళ్లో కాలు పెట్టే చోటుండదు. అంత జనంలోకి మొదటి నెలల్లో పిల్లని తీసుకురావద్దన్నారు డాక్టర్లు. ఆవిడ చాలా మథనపడ్డారు. చివరికి ఏడాది దాటాక డాక్టర్ని అడిగి, జనం లేని ఒక మామూలు రోజు పొద్దున్నే తెచ్చారు. కొత్త బ్లేడు పెట్టించి తలనీలాలు ఇచ్చారు. పుష్కరిణి నీళ్లు తల మీద చల్లకుండా ఇంటి నీళ్లతోనే స్నానం చేయించారు. స్వామికి తేదీతో పనేముంది? మొక్కు తీరింది, పిల్లా క్షేమంగా ఉంది.

డబ్బు విషయం. ఎన్టీఆర్ వైద్య సేవలో ఏమేం వస్తాయో, మార్పిడి తర్వాత మందులకి, పరీక్షలకి ఏం వర్తిస్తుందో ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్రని కూర్చోబెట్టి అడగండి. కాలేయం, కిడ్నీ, గుండె మార్పిడి అయిన వాళ్లకి 2024 నుంచి నెలకి 10,000 రూపాయల పింఛను ఉంది. కాయితాలు ఏం కావాలో సచివాలయంలో కనుక్కోవడానికి మేము తోడొస్తాం.

దానం గురించి కూడా ఒక్క ముక్క. మన దేశంలో 1994లో చట్టం వచ్చింది. అవయవాలు అమ్మడం, కొనడం నేరం. తల్లిదండ్రులు, తోబుట్టువులే కాదు, 2011 సవరణ తర్వాత తాత, అమ్మమ్మ, నాన్నమ్మ కూడా దగ్గర బంధువులుగా ఇవ్వొచ్చు. బ్రెయిన్ డెడ్ అయిన వాళ్ల అవయవాలు జీవన్‌దాన్ ద్వారా వరస ప్రకారం ఇస్తారు. మన రాగోలు ఆసుపత్రి నుంచి కూడా అలా అవయవాలు విశాఖపట్నం వెళ్లిన సందర్భాలున్నాయి. పుట్టెడు దుఃఖంలో ఉండి సరేనన్న ఆ తల్లులకి ఈ సభ నుంచి దండం పెడుతున్నాం. వాళ్లిచ్చింది నిలబెట్టుకోవడం తీసుకున్న వాళ్ల పనే కాదు, చుట్టూ ఉన్న మన పని కూడా.

చివరగా, ఈ సభ ముందు మేము నాలుగు ప్రతిపాదనలు పెడుతున్నాం. చర్చించి ఆమోదించమని కోరుతున్నాం.

ఒకటి. మార్పిడి అయిన పిల్ల గానీ, డయాలసిస్, కేన్సర్ వైద్యంలో ఉన్న మనిషి గానీ ఇంట్లో ఉన్న సభ్యురాలు ఆసుపత్రికి వెళ్లిన రోజు మీటింగుకి రాకపోతే జరిమానా ఉండకూడదు. ఆవిడ పొదుపు పక్క సభ్యురాలు కట్టొచ్చు.

రెండు. అలాంటి ఇళ్లకి పరీక్ష ఉన్న నెలలో వాయిదా వెనక్కి జరపాలి. బ్యాంకు వాయిదా జరగకపోతే ఆ నెలకి సంఘం నిధి నుంచి సర్దాలి.

మూడు. ప్రతి సభ్యురాలు నెలకి 5 రూపాయలు పరీక్ష ప్రయాణ నిధికి ఇవ్వాలి. అప్పుగా కాదు, తిరిగి కట్టక్కర్లేదు.

నాలుగు. అలాంటి ప్రతి పిల్లకీ సంఘంలో ఒక తోడు సభ్యురాలు ఉండాలి. పరీక్ష తేదీ ఆవిడ గోడ క్యాలెండరులో కూడా రాసి ఉండాలి. ముందు రోజు వెళ్లి "రేపు రక్తం ఇవ్వాలి కదే, బేగి తయారవ్వండి" అని గుర్తు చెయ్యాలి.

రెండు నెలల జరిమానా డబ్బు ఆ అప్పకి తిరిగిచ్చేశాం. మీటింగులో అందరి ముందూ క్షమాపణ కూడా చెప్పుకున్నాం. ఆవిడ ఆ డబ్బు పుచ్చుకోలేదు. "ప్రయాణ నిధిలో నాది మొదట రాసుకోండి" అన్నారు. అలాగే రాసుకున్నాం. ఈ ఏడాది నిధి పుస్తకంలో మొదటి పేజీ, మొదటి వరస ఆవిడదే. రెండో వరస మాది. మూడో వరస నుంచి ఖాళీగా ఉంది. భోజనాలకి లేచే ముందు కోశాధికారి గారి బల్ల దగ్గర ఆగి వెళ్లండి.

సెలవు.